చెకింగ్ బల్ల మీద మనిషి

గుడ్డలో తప్పు పట్టడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. కింద దీపాలు వెలిగే గాజు పలక మీదుగా గుడ్డ పైనుంచి కిందికి జారుతూ ఉంటుంది, ఆమె దాని ముందు నిలబడి చూస్తూ ఉంటుంది. పడుగులో నిలువు పోగు తెగినా, పేకలో అడ్డపోగు తప్పినా, నూనె మరక పడినా, ఎక్కడో ముడి ఉబ్బినా ఆమె కాలు పెడల్ మీద పడుతుంది, గుడ్డ ఆగుతుంది. తప్పు ఉన్నచోట అంచుకి ఎర్ర కాగితం ముక్క అంటించి పుస్తకంలో అంకె వేస్తుంది. మూడంగుళాల లోపు తప్పుకి ఒకటి, ఆరు లోపు రెండు, తొమ్మిది లోపు మూడు, ఆపైన ఎంతైనా నాలుగు. వంద గజాలకి నలభై దాటిందా, ఆ తాను తిరిగి మగ్గాల షెడ్డుకే. ఆమెకి అసలు పేరొకటి ఉందని జీతం కాగితానికి తప్ప ఎవరికీ గుర్తు లేదు. మిల్లంతటికీ ఆమె భూతద్దం.

ఆ సోమవారం షిఫ్టు దిగడానికి పావుగంట ఉందనగా ట్రైనింగ్ మేడమ్ చెకింగ్ గదిలోకి వచ్చింది. ఆవిడ ఉద్యోగంలో చేరి ఇంకా రెండు నెలలు కాలేదు. చంకలో కాగితాల కట్ట, మొహంలో బలవంతపు ఉత్సాహం. పొద్దున్నుంచీ మగ్గాల చప్పుడు మీద అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

"ఇది పరీక్షని భయపడకండి. మిమ్మల్ని మీరు తెలుసుకోవడానికే. ఇందులో ఇరవై ఐదు గుణాలు రాసి ఉన్నాయి. ఒక్కోదాని పక్కన ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేయండి. ఎవరి గురించి వాళ్ళే. నిజాయితీగా వేయాలి, అంతే."

"ఎందుకమ్మా ఇదంతా?" అన్నాడు పెద్దమేస్త్రి. ఆ గదికి ఆయనే పెద్ద. ఆ శనివారంతో రిటైరవుతున్నాడు.

"మీ తర్వాత మీ కుర్చీ ఎవరిదో దీన్నిబట్టే తేలుస్తామండీ. శనివారం చెబుతాం. బాగా అడుగున ఉన్నవాళ్ళకి వ్యక్తిత్వ వికాసం క్లాసులు పెడతాం. ఆ మూడు నెలలూ వాళ్ళు ప్యాకింగ్‌లో ఉంటారు."

ప్యాకింగ్ అనేసరికి గదిలో ఆరుగురు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అట్టపెట్టెలకి టేపు అంటించే పని అది. కళ్ళు మూసుకుని కూడా చేయొచ్చు. కళ్ళే పెట్టుబడిగా బతికేవాళ్ళని అక్కడికి తోయడమంటే ఇంటికి పొమ్మని మర్యాదగా చెప్పడమే. ఇక కుర్చీ సంగతంటారా, అది భూతద్దానిదేనని అందరికీ తెలుసు. ఆమెకీ తెలుసు. పైకి ఎప్పుడూ అనలేదు గానీ, మేస్త్రి బల్ల సొరుగులో తన కళ్ళజోడు పెట్టె పడుతుందా లేదా అని ఒకసారి, ఎవరూ లేనప్పుడు, చూసుకుంది కూడా.

కాగితాన్ని అలవాటు కొద్దీ గాజు పలక మీదే పరుచుకుంది. కింద వెలుగు, పైన అక్షరాలు. మొదటిది సమయపాలన. పెన్ను పట్టుకుని లెక్క చూసుకుంది. కిందటి వానల్లో బస్సు రాక ఒక రోజు ఆలస్యం. అంతకుముందు అత్తగారు జారిపడ్డ రోజు ఒకటి. ఇరవై రెండేళ్ళలో రెండు రోజులు. సున్నా వేద్దామంటే సున్నా లేదు. సరే, ఒక్క తప్పూ తగలని తాను మాత్రం ఎక్కడుంది అనుకుని ఒకటి వేసింది. ఏకాగ్రత, ఒకటి. పనిలో నాణ్యత, ఒకటి. ఆత్మవిశ్వాసం, ఒకటి. ఓర్పు దగ్గర పెన్ను ఆగింది. నాలుగు వేసింది. పొద్దున కత్తెర వేరేచోట పెట్టిందని పక్క బల్ల పిల్ల మీద ఎగిరిన సంగతి గుర్తొచ్చింది. అబద్ధమెందుకని నాలుగు కొట్టేసి ఐదు చేసింది. ఇతరుల మాట వినడం, నాలుగు. గుడ్డకి నాలుగుతో సరిపెట్టారు గానీ మనిషికి ఐదు దాకా పెట్టడం న్యాయంగానే ఉందనిపించింది ఆమెకి.

పెద్ద అంకె మంచికా, చిన్న అంకె మంచికా అని గదిలో ఎవరూ అడగలేదు. అడగడానికేముంది? కాగితం పైభాగాన చీమ తలకాయలంత అక్షరాల్లో ఏదో రాసుంది. గుడ్డలో వెంట్రుకంత తేడా పట్టే ఆరుగురిలో ఒక్కరూ అది చదివిన పాపాన పోలేదు.

పక్క బల్ల పిల్లని గుసగుస అంటారు. పిల్ల అనడమే గానీ ముప్ఫై దాటాయి. చెకింగ్‌లోకి వచ్చి రెండున్నరేళ్ళయింది. ఏం చెప్పినా పెదవులు కదులుతాయి తప్ప మాట బయటికి రాదు. ఆ రోజు మోచెయ్యి అడ్డం పెట్టుకుని, అందరికంటే ఎక్కువసేపు, ఒత్తి ఒత్తి అంకెలు వేసింది. అందరూ ఇచ్చేశాక చివరగా లేచి ఇచ్చింది.

బుధవారం మధ్యాహ్నం నోటీసు బోర్డు మీద వరస అంటించారు. చెకింగ్ గదిలో అందరికంటే పైన గుసగుస. అందరికంటే అడుగున భూతద్దం.

"కాగితం తలకిందులుగా అంటించారేమో చూడండర్రా," అన్నారు వెనకనుంచి ఎవరో. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వబోయింది గానీ మొహం సహకరించలేదు.

తర్వాత తలా ఒక కవరు ఇచ్చారు. ఎవరి కవరు వాళ్ళు బ్యాగుల అడుక్కి తోసేశారు. ఒకరిదొకరు చూపించుకోలేదు. గుసగుస మాత్రం తన కవరు చించి, చదివి, మళ్ళీ చదివి, మేస్త్రి వైపు, మేడమ్ వైపు, తలుపు వైపు చూసింది. ఏదో పొరపాటున తన ఒళ్ళో పడ్డ వస్తువుని ఎవరికివ్వాలో తెలియని మనిషిలా ఉంది ఆమె వాలకం.

భూతద్దం తన కవరు బస్సులో విప్పింది. అంకెలేమీ లేవు. ఎర్ర గీతలు, పచ్చ గీతలు, కింద నాలుగు వాక్యాలు. 'మీ బలాలు: ఓర్పు, ఇతరుల మాట వినడం. మీరు బాగా మెరుగుపడవలసినవి: సమయపాలన, ఏకాగ్రత, పనిలో నాణ్యత, ఆత్మవిశ్వాసం. నిరాశ పడకండి. లోపాన్ని గుర్తించడమే మొదటి మెట్టు.'

దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు పోయాక గానీ ఆమెకి స్పృహ రాలేదు. ఏకాగ్రత లేదన్నది అక్కడే రుజువైపోయినట్టనిపించింది.

ఇంట్లో కూరగాయలు తరుగుతున్న భర్త ఆమె వాలకం చూసి ఏమైందన్నాడు. ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు, ఆమె కంటే ముందే ఇంటికి చేరతాడు. ఆమె కవరు బల్ల మీద పడేసి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. ఆయన చదవడం మొదలెట్టాడు. మొదటి వాక్యం దగ్గరే పెదవులు బిగించాడు.

"పైకి చదవరా, నాకూ వినపడాలిగా," అంది మంచం మీంచి అత్తగారు.

"మీ బలాలు... ఓర్పు..."

"ఎవరికి?"

"నీ కోడలికే."

అత్తగారు మంచం కోళ్ళు కదిలేలా నవ్వింది. కళ్ళొత్తుకుంది, మళ్ళీ నవ్వింది. "ఓర్పా! మొన్న పాలవాడు రెండు నిమిషాలు ఆలస్యమైతే గేటు దాకా వెళ్ళి వాడి సైకిల్ గంట ఊడబెరికొచ్చింది, ఈవిడేనా? ఇంకేముంది, ఇంకేముంది చదువు."

"ఇతరుల మాట వినడం," అని భర్త నవ్వు ఆపుకోలేక కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నవ్వండి, బాగా నవ్వండి," అంది ఆమె. "నాకు పని రాదని రాశారు. అది కూడా చదివి నవ్వండి."

భర్త మిగతా వాక్యాలు లోపలే చదువుకున్నాడు. నవ్వు పోయింది. "ఎవడో బుద్ధిలేనివాడు రాసుంటాడు. నీ పని గురించి నీకు తెలీదా?"

"తెలుసనే అనుకున్నానండీ. అందుకే అన్నీ బాగున్నాయని వేసుకున్నా. కంప్యూటర్ చూసి, ఏమీ బాగాలేదంటోంది. అంటే నన్ను నేను చూసుకోవడం కూడా నాకు చేతకాలేదు. ఎదురుగా ఉన్న నన్నే చూడలేని దాన్ని, గుడ్డని ఏం చూస్తున్నట్టు ఇన్నాళ్ళూ?"

ఆయన కాగితం మడిచి కవర్లో పెట్టేశాడు. అత్తగారు కూడా నవ్వు మానేసి, "చెప్పులు విప్పుకో అమ్మా ముందు," అంది.

గురువారం పొద్దున ఆమె బల్ల ముందు నిలబడింది. తెల్ల గుడ్డ, సన్న నేత. లాయరు మగ్గం మీది తాను. అతను అసలు నేతగాడే. తిప్పి పంపిన తాను ప్రతిదానికీ వాదనకొస్తాడని ఆ పేరు పెట్టారు. గుడ్డ జారడం మొదలైంది. పది గజాలు పోయాక ఏదో దాటిపోయిందేమోనని అనుమానమొచ్చింది. వెనక్కి తిప్పింది. ఏమీ లేదు. మళ్ళీ ముందుకి. మళ్ళీ అనుమానం. ఇదివరకు తప్పే వచ్చి ఆమె కంట్లో పడేది, ఆమె వెతికేది కాదు. ఇప్పుడు వెతకడం మొదలెట్టింది. వెతికినకొద్దీ ప్రతి పోగూ పక్కదాని కంటే కొంచెం లావుగానో సన్నంగానో కనపడసాగింది. అది నీడో మరకో తేల్చుకోలేకపోయింది. సందేహం వచ్చిన చోటల్లా ఎర్ర కాగితం అంటించింది. గంటలో అయ్యే తానుకి రెండున్నర గంటలు పట్టింది. కూడితే నలభై ఆరు వచ్చింది. తాను వెనక్కి పంపేసింది.

"అక్కా," అని పక్కనుంచి గాలి కదిలినట్టు వినపడింది. గుసగుస. "అక్కా, ఒక్క మాట... ఆ కాగితం గురించి..."

"ఇప్పుడు నువ్వు కూడానా? నీకు మొదటి స్థానం వచ్చిందని నాకు తెలుసు, నీ పని చూసుకో!"

గుసగుస రెండడుగులు వెనక్కి వేసింది. మధ్యాహ్నం ఇంకోసారి దగ్గరికొచ్చి నిలబడింది. భూతద్దం తలెత్తకుండానే చెయ్యి విదిలించింది. పిల్ల వెళ్ళిపోయింది.

ఆ రోజు భూతద్దం మూడు తానులే చూసింది. మామూలుగా ఎనిమిది చూస్తుంది. పెద్దమేస్త్రి రేపు చూద్దాంలే అమ్మా అంటూ పుస్తకంలో సంతకం పెట్టాడు. ఆ జాలే ఆమెకి ఎక్కువ బాధగా ఉంది.

శుక్రవారం టీ గంట కొట్టకముందే లాయరు వచ్చాడు, భుజాన తన తానేసుకుని. ఆ మిల్లులో ఒక పద్ధతి ఉంది. తిప్పి పంపిన తానుని నేతగాడు చెకింగ్ బల్ల దగ్గరికి తెచ్చి 'చూపించు' అనొచ్చు. అప్పుడు చెకింగ్ మనిషి ప్రతి ఎర్ర కాగితం దగ్గరా తప్పు మీద వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే కాగితం పీకేసి అంకె కొట్టేయాలి. ఎవరు పెట్టారో గానీ గట్టి పద్ధతి. ఇరవై ఏళ్ళలో లాయరు ఆమె దగ్గర ఒక్క కాగితమూ పీకించలేకపోయాడు.

"చూపించు చెల్లెమ్మా," అన్నాడు తాను బల్ల మీద దింపుతూ. "నలభై ఆరట! నేనేమన్నా కళ్ళకి గంతలు కట్టుకుని నేశానా?"

ఆమె గుడ్డ పరిచింది. మొదటి కాగితం దగ్గర వేలు పెట్టబోయింది. వేలు పెట్టడానికి ఏమీ లేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూసింది. గుడ్డ తెల్లగా, నున్నగా, ఏ పాపం ఎరగనట్టు ఉంది. కాగితం పీకేసింది. రెండోది పీకేసింది. మూడోది నిజంగానే ముడి. నాలుగు, ఐదు, ఆరు పీకేసింది. గదిలో మిగతా బల్లలన్నీ ఆగిపోయాయి. చివరికి పదకొండు మిగిలాయి.

"తాను పాసు," అంది ఆమె. "తప్పు నాదే అన్నా. క్షమించు."

లాయరు గెలిచాడు. ఇరవై ఏళ్ళ తర్వాత మొదటిసారి. కానీ మనిషి మొహంలో గెలిచిన కళ లేదు. తానుని చూసి, ఆమెని చూసి, గొంతు తగ్గించాడు. "ఒంట్లో బాగాలేదా?"

"ఒంట్లో బానే ఉంది. నాలోనే ఏదీ బాగాలేదని కాగితం ఇచ్చారు. విన్నావుగా."

"విన్నా. ఎక్కడ బాగాలేదో చూపించారా?"

"కంప్యూటర్ చెప్పింది."

"అది కాదమ్మా నేనడిగేది. నువ్వు నా తాను తిప్పి పంపినప్పుడల్లా నేనొచ్చి చూపించమని నీతో పోట్లాడతానా లేదా? నువ్వు విసుక్కుంటూనే వేలు పెట్టి చూపిస్తావు. అది చూశాక నేను నోరు మూసుకుపోతాను. మరి నిన్ను తిప్పి పంపితే నువ్వు ఎవర్నీ అడగవా? తలొంచుకుని ఇంటికెళ్ళి ఏడుస్తావా?"

ఆమె కళ్ళజోడు సర్దుకుంది. కత్తెర బల్ల మీద పెట్టింది. పమిట చెంగుతో చేతులు తుడుచుకుంది. బ్యాగు అడుగునుంచి కవరు తీసుకుని మెట్లెక్కి ఆఫీసు గదికి వెళ్ళింది.

ట్రైనింగ్ మేడమ్ కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చుంది. ఆమెని చూసి గబుక్కున లేచింది. "రండమ్మా. మీకు బాధ కలిగిందని విన్నాను. క్లాసుల్లో మనం..."

"క్లాసులకి వస్తాను. మీరు పొమ్మంటే ప్యాకింగ్‌కీ పోతాను. కానీ నా తప్పులు ముందు నాకు చూపించండి. ఒక్కొక్కటీ వేలు పెట్టి. నేను సోమవారం రాసిచ్చిన కాగితం తీయండి."

ఆ గొంతు విని మేడమ్ మారు మాట్లాడకుండా అల్మారాలోంచి కట్ట తీసింది. అడుగునున్న కాగితం పైకి లాగి బల్ల మీద పెట్టింది. మొదటి గడి మీద వేలు పెట్టింది.

"సమయపాలన. మీరే చూడండి, ఒకటి వేసుకున్నారు."

"అవును. ఒకటే. ఇరవై రెండేళ్ళలో రెండు రోజులు ఆలస్యమయ్యాను. దానికి ఒకటి కంటే ఎక్కువ వేయాలా?"

"ఎక్కువే వేయాలి కదమ్మా! ఇరవై రెండేళ్ళలో రెండు రోజులంటే ఐదు వేయాలి."

"రెండు రోజులకి ఐదా? ఇదెక్కడి అన్యాయం! మరి రోజూ ఆలస్యంగా వచ్చేవాళ్ళకి ఎంత?"

"వాళ్ళకి ఒకటి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఒకటంటే ఆ గుణం అసలు లేదని," అంది మేడమ్ నెమ్మదిగా.

"లేదనే కదా నేను వేసింది. తప్పు లేదని." ఆమె కుర్చీ అంచు పట్టుకుంది. "మా గదిలో అంకె వేసేది తప్పుకి. మంచికి అంకెందుకు వేస్తామమ్మా? మంచిగా ఉన్న గుడ్డ దాని మానాన అది పోతుంది."

మేడమ్ గబగబా మరో గడి మీద వేలు పెట్టింది. "ఓర్పు, ఐదు?"

"మా ఇంటికొచ్చి మా అత్తగారిని అడగండి."

మేడమ్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత కంగారొచ్చింది. చెకింగ్ గది ఆరు కాగితాలూ బల్ల మీద పరిచింది. "రెండు రోజులుగా నాకు బుర్ర తిరిగిపోతోందమ్మా. మిల్లు మొత్తంలో మీ గదే అడుగున వచ్చింది. ఇంత మంచి పేరున్న గది, మనుషులేంటి ఇలా అనుకుంటూనే కంప్యూటర్‌ని నమ్మాను. ఒక్కసారి కిందికొచ్చి అడిగుండాల్సింది."

"నేనూ రెండు రోజుల క్రితమే పైకొచ్చి అడిగుండాల్సింది," అంది భూతద్దం. గుండె మీంచి పెద్ద బండ ఎవరో ఎత్తి అవతల పెట్టినట్టుంది. ఊపిరి అడుగుదాకా వెళ్ళి వస్తోంది. తన కళ్ళకేమీ కాలేదు. నిన్న చూడలేనిది కళ్ళు చేసిన తప్పు కాదు, భయం చేసింది. నవ్వాలో ఏడవాలో తెలియక కొంగుతో ముక్కు తుడుచుకుంది.

అంతలో ఆమె చూపు ఆరో కాగితం మీద పడింది. అన్నీ నాలుగులు, ఐదులు. ఒత్తి ఒత్తి వేసినవి. కొన్నిచోట్ల పెన్ను మొన దిగి కాగితం చిరిగింది.

"ఇది ఆ గుసగుసదే కదూ?"

"మనం తిరగేసి చదివితే ఈ అమ్మాయే అడుక్కి పోతుంది," అంది మేడమ్ చిన్నగా. "మిల్లు మొత్తంలో అడుక్కి. అంటే తనలో అన్నీ తప్పులేనని..."

భూతద్దం గడి గడికీ వేలు పెట్టుకుంటూ చదివింది. సమయపాలన, నాలుగు. రెండున్నరేళ్ళలో ఆ పిల్ల ఒక్కరోజు ఆలస్యంగా రావడం భూతద్దం చూడలేదు. పనిలో నాణ్యత, ఐదు. మాట్లాడే తీరు, ఐదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి పనిచేస్తున్న మనిషి తన గురించి తాను ఇలా అనుకుంటోందని ఆమెకి తెలీదు. నాలుగు గజాల అవతలున్న పేక తప్పు కనిపిస్తుంది గానీ ఇది కనిపించలేదు. సిగ్గేసింది ఆమెకి.

"ఈమెని ప్యాకింగ్‌కి పంపుతారా?" అంది.

"రూలు ప్రకారమైతే..."

"రూలు ప్రకారమైతే ఇది ఆమె వేసుకున్న అంకె, మనం వేసింది కాదు. పక్కనుండి చూసినదాన్ని నేను చెబుతున్నా, ఆ పిల్ల చేతిలోంచి జారిపోయిన తప్పు నాకొక్కటీ గుర్తు లేదు. ఎవర్నీ ఎక్కడికీ పంపకండి. కావాలంటే కాగితం మీద నేను సంతకం పెడతాను."

మేడమ్ ఆరు కాగితాలూ మడిచి చించేసింది. ఆవిడ మొహంలో కూడా అప్పుడే రక్తం వచ్చినట్టయింది.

శనివారం పొద్దున్నే ఆవిడ కిందికి దిగి వచ్చి, బల్లలన్నీ ఆపించి, జరిగింది జరిగినట్టు చెప్పింది. తప్పు తనదేనంది. ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గది గదంతా పగలబడి నవ్వింది. మూడు రోజులుగా బ్యాగుల అడుగున దాక్కున్న కవర్లు బయటికొచ్చాయి. "నాకు వినయం లేదన్నారర్రా, మా ఆయన ఫ్రేము కట్టిస్తానన్నాడు," అంటోంది ఒకామె. పెద్దమేస్త్రి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "నా కుర్చీ సంగతి ఇప్పుడైనా నన్నడుగుతారా?" అన్నాడు. మేనేజరూ, ఆయనా లోపలికెళ్ళి టీ తాగినంత సేపట్లో తేల్చేశారు. సోమవారం నుంచి భూతద్దం.

చేతులు కడుక్కునే పంపు దగ్గర గుసగుస ఒక్కతే ఉంది. భూతద్దం పక్క పంపు తిప్పి, ఎలా మొదలెట్టాలో తెలియక సబ్బు అరగదీసింది.

"నాకు బుధవారమే తెలుసక్కా," అంది గుసగుస.

"ఏం తెలుసు?"

"తిరగేసి చదివారని. నేను నాకేం వేసుకున్నానో నాకు తెలుసుగా."

"మరి చెప్పలేదేం?"

"గురువారం రెండుసార్లు వచ్చాను, మీకే చెబుదామని. మీరు..." అని ఆగింది.

భూతద్దానికి చెయ్యి విదిలించిన సంగతి గుర్తొచ్చింది. ఒక్క మాట వినుంటే ఇంకో రోజు నరకం, లాయరు ముందు కాగితాలు పీక్కోవడం, ఇవేవీ ఉండేవి కాదు. పంపు కట్టేసింది. "కసిరాను. నా తప్పే. నాకు నేను వేసుకున్న ఐదు, నాలుగు ఊరికే వేసుకోలేదు."

గుసగుస నవ్వింది. "కానీ నిజం చెప్పాలంటే అక్కా, ఆ తర్వాత నేనూ గట్టిగా ప్రయత్నించలేదు. మూడు రోజులు బాగుంది. ఆ కాగితం చూసి మా ఆయన తనే టీ పెట్టిచ్చాడు. మా అమ్మ ఫోన్లో రెండుసార్లు చదివించుకుంది. అబద్ధమని తెలుసు. అయినా, ఎవరైనా నన్ను బాగున్నావంటే ఎలా ఉంటుందో తెలిసొచ్చింది. ఇవాళ అది పోయింది. ఫరవాలేదు."

"పోలేదు," అంది భూతద్దం. ఇంకా ఏదో పెద్దగా చెప్పాలనుకుంది. అలాంటి మాటలు ఎప్పుడూ అలవాటు లేక, "నీ పని బాగుంటుంది. ఎప్పుడో చెప్పాల్సింది, చెప్పలేదు," అని మాత్రం అనగలిగింది. గుసగుస తడి చేతులతో అలాగే నిలబడిపోయింది.

సోమవారం భూతద్దం మేస్త్రి బల్ల దగ్గర కూర్చుంది. ప్రతి తానూ రెండోసారి తిప్పి చూసి, అంచున సంతకం పెట్టి బయటికి పంపడం ఇప్పుడామె పని. పొద్దున్నుంచీ కళ్ళు మునుపటిలాగే పనిచేస్తున్నాయి. నాలుగు తానులు సంతకం పెట్టి బండి మీద పెట్టించింది. మనసు తేలిగ్గా ఉంది.

"అక్కా!"

గదిలో తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. ఆ గొంతు ఎవరిదో ముందు ఎవరికీ తెలియలేదు. గుసగుస బండి పక్కన నిలబడుంది. వేలు తాను మీద పెట్టి ఉంది, మాట తడబడలేదు.

"మీరు సంతకం పెట్టిన తానులో పేక తప్పింది. రెండోదాంట్లో. అంచు దగ్గర."

బల్లలన్నీ ఆగిపోయాయి. మొదటి రోజు, అందరి ముందూ. భూతద్దానికి కోపం ముక్కు దాకా వచ్చింది. 'నేను చూసిన తానులోనా?' అన్న మాట నాలుక చివర నిలబడింది. దాన్ని మింగడానికి ఆమెకి ఎంత కష్టమైందో అత్తగారు చూసుంటే మెచ్చుకునేది. లేచి బండి దగ్గరికి వెళ్ళింది. గుసగుస వేలు పెట్టిన చోట వంగి చూసింది. ఏమీ కనపడలేదు. ఇంకా వంగింది. గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. అప్పుడు కనపడింది. ఒకే ఒక్క పేక పోగు, వేలెడు పొడవు, లేదు.

భయమేస్తుందని ఎదురుచూసింది. వేయలేదు. ఇరవై రెండేళ్ళుగా తన కన్ను తప్పితే ఇక ఆ తప్పుని పట్టుకునేవాళ్ళే లేరన్నట్టు, రెప్ప వేయడానికి కూడా జంకుతూ నిలబడింది. ఇప్పుడు పక్కన ఇంకో జత కళ్ళున్నాయి, నోరు కూడా ఉంది. భుజాలు వాటంతటవే కిందికి జారాయి. ఎంత హాయిగా ఉందంటే, ఇన్నేళ్ళూ ఎంత బరువు మోసిందో ఆమెకి అప్పుడు తెలిసింది.

పెన్ను తీసి తన సంతకం తానే కొట్టేసింది. పక్కన ఒకటి వేసింది. స్టూలు లాక్కుని గుసగుస బల్ల పక్కన వేసుకుంది.

"మిగతావి కూడా పరుచు," అంది కూర్చుంటూ. "ఇద్దరం చూద్దాం."